గుట్ట ఊరి తొలి బస్సు

కింది వీధిలో చివరి నుంచి మూడో ఇల్లు నాలుగేళ్ళుగా అమ్మకానికి ఉంది. గోడల్లో బీటల్లేవు, పైకప్పు కారదు, కాగితాల్లో తకరారు లేదు. వంటింట్లోంచి పెరట్లోకి తలుపు, పెరట్లో బట్టలు ఆరేసుకోవడానికి రెండు ఇనప స్తంభాలు, ముందుగదికి తూర్పున పెద్ద కిటికీ. చూసినవాళ్ళంతా బాగుందనే అంటారు. తర్వాత మళ్ళీ రారు.

"ఇల్లు బంగారమండీ. ఇంటాయనతోనే వచ్చింది చిక్కు," అంటాడు ఇళ్ళు చూపించే బ్రోకరు.

ఇంటాయన ఇప్పుడు గుట్ట మీద ఉంటాడు. కబురు పెడితే తాళాలు తీసుకుని దిగివస్తాడు. తాళాలు బ్రోకరు చేతికివ్వడు. వచ్చినవాళ్ళు కుళాయిలు తిప్పి, స్విచ్చులు నొక్కి, అలమరలు తీసి చూస్తున్నంతసేపూ గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆఖర్న ఎవరో ఒకరు మాటవరసకు అడుగుతారు, ఇక్కడ గాలీ అదీ ఎలా ఉంటుందని.

"ఏప్రిల్లో వచ్చి అడిగితే నేనేం చెప్పను? డిసెంబర్లో రండి. పొద్దున్నే ఆరింటికి రండి. ఈ కిటికీ తీసి గంటసేపు కూర్చోండి. మీ ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళనీ వెంటబెట్టుకు రండి."

వెనకనుంచి బ్రోకరు వద్దన్నట్టు చేతులు ఊపుతాడు. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాడు. "పాదరసంగారూ, మీరు ఇల్లు అమ్ముతున్నారా, అమ్ముడుపోకుండా కాపలా కాస్తున్నారా?"

"రెండూనూ," అన్నాడాయన.

పాదరసం అన్నది ఆయనకు ఉద్యోగంలో వచ్చిన పేరు. సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద ఊళ్ళో, వాతావరణ కేంద్రంలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మొదటి పద్దెనిమిదేళ్ళు రీడింగులు తీశాడు, పొద్దున ఎనిమిదిన్నరకూ సాయంత్రం ఐదున్నరకూ. పచ్చిక మధ్యలో నాలుగు కాళ్ళ మీద నిలబెట్టిన తెల్లటి చెక్కపెట్టె ఉంటుంది. గాలి ఆడేందుకు దానికి నాలుగువైపులా ఏటవాలు పలకలు. లోపల మామూలు థర్మామీటరు ఒకటి, బుడ్డికి తడిగుడ్డ చుట్టింది ఒకటి. రెండింటికీ ఉన్న తేడాను బట్టి గాలిలో తేమ ఎంతో తేలుతుంది. ఆ పెట్టె దగ్గర గోడ ఉండకూడదు, చెట్టు ఉండకూడదు, పొయ్యి అసలే ఉండకూడదు. వాచ్‌మన్ భార్య ఒకసారి పది గజాల దూరంలో బట్టలు ఆరేస్తే, ఆ తడిబట్టలు ఆయనే మోసుకెళ్ళి వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చాడు. అప్పటినుంచే ఆ పేరు. "చేతికి చిక్కడు, పగిలితే పోగెయ్యలేం," అని వాచ్‌మన్ అందరికీ అర్థం చెప్పేవాడు.

తర్వాతి పన్నెండేళ్ళు సగటుల సెక్షన్లో గడిచాయి. అరవై ఊళ్ళ కేంద్రాల నుంచి రిజిస్టర్లు వచ్చేవి. వాటిలోంచి అంకెలు ఎత్తి రాసి, నెలనెలా సగటులు కట్టి పుస్తకం వేయించడం ఆయన పని. రిజిస్టరు పేజీలో పదమూడు గడులు. చివరిది అన్నిటికంటే వెడల్పు. దాని నెత్తిన 'రిమార్కులు' అని ఉంటుంది. కొత్తగా చేరిన గుమాస్తాలకు ఆయన మొదటిరోజే చెప్పేవాడు.

"ఆ చివరి గడి జోలికి పోకండి. అంకె కానిది సగటుకు లొంగదు. అందులో ఒకడు పిడుగు పడిందని రాస్తాడు, ఒకడు పంటినొప్పి అని రాస్తాడు. అవి చదువుతూ కూర్చుంటే ఇక్కడే రిటైరైపోతాం."

ఆయన భార్యది అదే ఊళ్ళో బస్‌స్టాండులో ఉద్యోగం. గాజు అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, వచ్చే బస్సులూ పోయే బస్సులూ చెప్పేది. ఇరవై రెండేళ్ళు చెప్పింది. ఊళ్ళో ఆమె ముఖం తెలిసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. కూరగాయల దుకాణంలో "అరకిలో ఇవ్వండి" అనగానే దుకాణదారు చటుక్కున తలెత్తేవాడు. "మైకమ్మగారు కదూ? ఆ ఒక్క మాటకే నా బస్సు తప్పిపోయినట్టు గుండె ఝల్లుమంది." ఆమె నవ్వేది. పెద్దగా, దుకాణమంతా వినిపించేలా నవ్వేది.

ఇంట్లో కూడా ఆమెవి బస్‌స్టాండు వాక్యాలే. ఎక్కడో మొదలై, దారిలో నాలుగు ఊళ్ళు తగిలి, చివరికి చేరేవి. అంతదాకా ఆగే ఓపిక ఆయనకు ఉండేది కాదు.

"ఏమండీ, రేపు పొద్దున మీరు ఆఫీసుకు వెళ్ళేలోగా..."

"గ్యాసు బండకు ఫోను చెయ్యాలి. తెలుసు."

పెళ్ళయిన కొత్తలో ఆమెకు అది ముద్దుగా ఉండేది. తన మనసులో మాట ఆయనకు ముందే తెలిసిపోతోందని అనుకునేది. తర్వాత అలవాటైపోయింది. ఆయన పూర్తి చేసిన వాక్యం తను అనబోయింది కాకపోయినా, మళ్ళీ మొదలుపెట్టడం ఎందుకని ఊరుకునేది.

సముద్రపు గాలి ఏడాదిలో పది నెలలు తడిగుడ్డలా ఒంటికి అంటుకునే ఊరది. యాభై దాటాక ఆమె ఉబ్బసం ముదిరింది. ఒక మధ్యాహ్నం మైకులో, "ప్రయాణికులకు విజ్ఞప్తి, ఆరో నంబరు ప్లాట్‌ఫాం మీద నిలిచి ఉన్న బస్సు..." అన్నాక మాట రాలేదు. స్పీకర్లలోంచి ఈల వేసినట్టు ఊపిరి మాత్రం వినిపించింది. సంచులు మోసుకెళుతున్న జనం ఎక్కడివాళ్ళక్కడ ఆగి స్పీకర్ల వైపు చూశారు. ఆరో నంబరు బస్సు డ్రైవరు సీటు దిగి గాజుగది దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"మందులు నేనిస్తాను. కానీ ఈ ఊరి గాలికి మందు నా దగ్గర లేదు. పొడిగాలి ఉన్నచోటికి మారగలిగితే ఆవిడ తేలిగ్గా ఊపిరి తీసుకుంటారు," అన్నాడు డాక్టరు.

ఆయన రిటైరవడానికి అప్పటికి ఏడాది ఉంది. డాక్టరు గదిలోంచి బయటికి వస్తున్నప్పుడు ఆయన ముఖంలో దిగులు లేదు. ఏ ఊరి గాలిలో ఎంత తేమ ఉందో ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు? ముప్పై ఏళ్ళలో మొదటిసారి తన అంకెలు ఇంటికి పనికివస్తున్నాయని సంబరపడ్డాడు కూడా.

పదకొండు ఊళ్ళు ఎంచాడు. భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి నిలువు గీతలు కొట్టాడు. తేమ, దుమ్ము, పగటికీ రాత్రికీ తేడా, ఏడాదిలో వాన పడే రోజులు. నెల రోజులు ఆ బల్ల మీద భోజనం లేదు. కంచాలు ఒళ్ళో పెట్టుకునే తిన్నారు.

ఆ వీధి ఇరుకు. వాళ్ళ బాల్కనీలోంచి చెయ్యి చాస్తే ఎదురింటి బాల్కనీ అందుతుందేమో అన్నట్టు ఉండేది. ఎదురింటావిడ బట్టలు పిండుతూ అడిగేది.

"ఏం మైకమ్మా, మీ ఆయన ఇంకా ఊళ్ళకి పెళ్ళిచూపుల్లోనే ఉన్నాడా?"

"పదకొండు సంబంధాలు వచ్చాయి వదినా. ఎనిమిదింటికి వంక పెట్టేశారు."

"మరి పెళ్ళికూతుర్ని ఎవరైనా అడిగారా?"

"నన్నా? నాకు చివర్లో శుభలేఖ ఇస్తారు."

శుభలేఖ రాత్రి భోజనం దగ్గర అందింది. గుట్ట ఊరు. సగటు తేమ నలభై ఆరు శాతం. మిగిలిన పదీ దాని దరిదాపుల్లో లేవు.

ఆమె కంచంలోంచి తలెత్తింది. "గుట్ట ఊరా! దాని పేరు రోజుకు నాలుగుసార్లు పలుకుతాను కదండీ. చలికాలం వస్తే దాని తొలి బస్సు ఒక్కరోజు కూడా టైముకు రాదు. తొమ్మిదిన్నరకు రావలసింది పదకొండు దాటాక వస్తుంది. మూడు నెలలూ అంతే. అక్కడ డ్రైవర్లకి పొద్దున..."

"నిద్ర లేవబుద్ధి కాదు. నాకు తెలుసులే."

"అది కాదండీ. ఆ బస్సు కండక్టరు ఒకాయన చెప్పాడు, ఆ ఊళ్ళో..."

"కండక్టర్లదేముంది, నోటికొచ్చింది చెబుతారు. నా దగ్గర ముప్పై ఏళ్ళ లెక్క ఉంది."

ఆమె కాసేపు మెతుకులు కలుపుతూ కూర్చుంది. "పోనీ ఒక్క చలికాలం అద్దెకుందాం. నచ్చితే అప్పుడే కొనుక్కుందాం."

"ముప్పై చలికాలాలు చూసేశాను. ముప్పై ఒకటోది వచ్చి కొత్తగా ఏం చెబుతుంది?"

ఆ మాట అన్నప్పుడు ఆయన నవ్వాడు. అది ఆయనకు ఇప్పటికీ గుర్తుంది. చేతిలో నీళ్ళగ్లాసు ఉండటం, గ్లాసు మీద చెమట పట్టి ఉండటం కూడా గుర్తుంది.

ఏప్రిల్లో ఒక్కడే వెళ్ళి ఇల్లు చూశాడు. మధ్యాహ్నం పన్నెండింటికి. సంచిలో తన రెండు థర్మామీటర్లూ తీసుకెళ్ళాడు. ముందుగది మధ్యలో కుర్చీ వేయించి, ఒకదానికి తడిగుడ్డ చుట్టి, ఇరవై నిమిషాలు కదలకుండా చూశాడు. ముప్పై ఎనిమిది శాతం. ఇల్లమ్మేవాడు ఇదేదో తంతు అనుకుని చెప్పులు విప్పి నిలబడ్డాడు. వాతావరణ కేంద్రం ఊరికి పైన, గుట్ట మీద ఉందని అప్పుడే తెలిసింది. తొంభై మీటర్ల ఎత్తు. ఎత్తుకు లెక్క కట్టాడు. తొంభై మీటర్లంటే అర డిగ్రీ తేడా. దాన్నేం పట్టించుకుంటాం అనుకున్నాడు.

జూన్‌లో మకాం మార్చారు. సముద్రం ఊళ్ళో ఫ్లాటు అమ్మేశారు. ఆమె ఉద్యోగం వదిలేసింది. ఎదురింటావిడ బాల్కనీలోంచి ఏమీ అనకుండా చెయ్యి ఊపింది. బస్‌స్టాండులో వాళ్ళ బస్సు గురించి ఇంకో అమ్మాయి చెబుతుంటే, కిటికీ పక్కన కూర్చున్న ఈమె పెదాలు ఆ అమ్మాయికంటే ఒక మాట ముందు కదిలాయి.

మొదటి ఐదు నెలలూ ఆయన గెలిచాడు. ఆమె ఆగకుండా బజారు దాకా నడిచింది. దుప్పట్లు తనే ఉతికింది. పాత ఎదురింటావిడతో ఫోనులో అరగంటసేపు మాట్లాడి, ఎక్కడా దగ్గకుండా ఫోను పెట్టేసింది. ఆయన పాత ఆఫీసుకు ఫోను చేసి, "సగటులంటే ఏమనుకున్నారు?" అన్నాడు. పెరట్లో నాలుగడుగుల ఎత్తున చిన్న తెల్లపెట్టె కట్టించుకుని రోజుకు రెండుసార్లు రీడింగు తీసుకునేవాడు.

నవంబర్ రెండో వారంలో ఒకరోజు తెల్లవారేసరికి ఎదురుగా ఉన్న ఇల్లు లేదు. వీధీ లేదు. కిటికీకి ఎవరో బూడిదరంగు దుప్పటి కప్పినట్టుంది. మంచు ఒక్కటే అయితే తెల్లగా ఉండేది. ఊరి అంచున ఇటుక బట్టీలు ఉన్నాయి. వాటి పొగ రాత్రంతా పల్లంలోకి దిగి, మంచుతో కలిసి, ఎటూ పోలేక ఇళ్ళ మధ్యన కూర్చుంది. పది దాటాక గానీ విడలేదు. మర్నాడూ అంతే.

ఆమె అయిదింటికే లేచి కూర్చోవడం మొదలుపెట్టింది. పడుకుంటే ఊపిరాడేది కాదు. కిటికీల సందుల్లో తడిగుడ్డలు కూరింది. వంటింట్లో గిన్నె మీద తల వంచి, నెత్తిన తువ్వాలు కప్పుకుని ఆవిరి పట్టేది. ఆ తువ్వాలు కింద నుంచి వచ్చే ఈల ముందుగదిలోకి వినిపించేది.

"ఈ ఏడాది అసాధారణం," అన్నాడాయన. "సగటు అంటే ఇలాంటి ఏడాదులు కూడా అందులో ఒకటీ అరా ఉంటాయి."

ఆమె తువ్వాలు మళ్ళీ నెత్తిమీదికి లాక్కుంది.

రెండో ఏడాది నవంబర్లో అదే దుప్పటి వచ్చి అదే కిటికీకి కప్పుకుంది. ఈసారి ఆమె వాక్యాలు పొట్టివయ్యాయి. "ఏమండీ" అని ఆగేది. ఆయన మిగతాది తనే అనుకుని మంచినీళ్ళు తెచ్చేవాడు. ఆమె అడగబోయింది మంచినీళ్ళు కాకపోయినా తాగేది. ఆయన పెరట్లో పెట్టె దగ్గరికి వెళ్ళి తేమ చూసేవాడు. తొంభై నాలుగు. తొంభై ఏడు. నోటుబుక్కులో రాసి, పక్కన చిన్న అక్షరాలతో 'అసాధారణం' అని రాసుకునేవాడు. డిసెంబర్ సగమయ్యేసరికి ఆ మాట ముప్పైసార్లు రాశాడు.

ఆ నెల మూడో వారంలో ఆమెను ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ముక్కుకు మాస్కు పెడుతూ నర్సు మామూలుగా అడిగింది. "గుట్ట మీద మీకు చుట్టాలెవరూ లేరా?"

"లేరు. ఎందుకు?"

"చలికాలం మూడు నెలలూ ఈ ఊరివాళ్ళు ముసలివాళ్ళనీ ఆయాసం ఉన్నవాళ్ళనీ పైనే ఉంచుతారు కదా. మీకెవరూ చెప్పలేదా?"

ఆయన మర్నాడు ఏడింటికి ఇంటి నుంచి బయల్దేరాడు. రోడ్డు కనిపించక గోడలు పట్టుకుని నడిచాడు. గుట్ట రోడ్డు మూడో మలుపు దగ్గర ఒక్కసారిగా ఎండ. ఎవరో తలుపు తీసినట్టు మంచులోంచి బయటపడ్డాడు. ఆకాశం నీలంగా ఉంది. రోడ్డు పక్కన ఒక ముసలాయన ఒంటి మీద ఒట్టి బనీనుతో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

వాతావరణ కేంద్రం గుట్ట అంచున ఉంది. పచ్చిక, పచ్చిక మధ్యలో తెల్లపెట్టె. గోడా చెట్టూ ఏవీ దగ్గర్లో లేవు. అన్నీ నిబంధనల ప్రకారం ఉన్నాయి. స్వెటరు వేసుకున్న ఒక అమ్మాయి చెవి వెనక పెన్సిలు పెట్టుకుని గేటు తీసింది. ఆయన తనెవరో చెప్పుకున్నాడు.

"అయ్యో, మీరా సార్! సగటుల పుస్తకం మీద మీ సంతకం చూస్తుంటాం. లోపలికి రండి, టీ పెడతాను."

ఆయన లోపలికి వెళ్ళలేదు. అంచుదాకా నడిచి కిందికి చూశాడు. ఊరు లేదు. పల్లం నిండా బూడిదరంగు మడ్డి పోసి మూత పెట్టినట్టుంది. నీళ్ళ ట్యాంకు నెత్తి ఒక్కటీ పైకి తేలి ఉంది. ఆ ట్యాంకును బట్టి తన ఇల్లు ఎక్కడుందో లెక్క కట్టాడు. ట్యాంకుకు ఎడమపక్క, రెండు వేళ్ళ దూరం.

"ఇలా ఎన్నాళ్ళుంటుందమ్మా?"

"నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటివారం దాకా సార్. ఏటా అంతే."

"రీడింగుల్లో లేదే!"

"రీడింగు ఇక్కడిది కదా సార్. ఎనిమిదిన్నరకి ఇక్కడ ఎండ. తేమ యాభై దాటదు. ఎంత దూరం కనిపిస్తోందో స్టేషన్లో నిలబడి రాయాలి. అటువైపు చూస్తే పది కిలోమీటర్లు కనిపిస్తుంది, పది అనే రాస్తాం. కిందిది రిమార్కుల్లో రాస్తాం."

ఆయన అంచు నుంచి వెనక్కి తిరిగి, "పాత రిజిస్టర్లు ఉన్నాయా?" అని అడిగాడు.

ఉన్నాయి. ఇనప బీరువాలో, ఏడాది వారీగా. ఆ అమ్మాయి నాలుగు తీసి బల్ల మీద పెట్టింది. చలికాలపు పేజీలు తిప్పాడు. పన్నెండు గడుల్లో అంకెలు. అవి ఆయనకు తెలుసు, కొన్ని కంఠతా వచ్చు. పదమూడో గడిలో ఒక్కో ఏడాది ఒక్కో చేతిరాత. 'దిగువన మంచు, పొగ. ఊరు కనిపించలేదు.' 'దిగువన మంచు, పొగ.' 'పై విధంగానే.' 'పై విధంగానే.' ఒక జనవరిలో ఎవరో విసుగెత్తినవాడు కాస్త పొడుగ్గా రాశాడు. 'ఈ గడి ఎవరూ చదవరని తెలుసు. అయినా రాస్తున్నాను, ఇవాళ కూడా ఊరు కనిపించలేదు.'

పెద్దాఫీసు నుంచి తిరిగొచ్చిన ఆ పేజీ మీద, కుడివైపు మూల, సరిచూశాను అన్న ముద్ర ఉంది. ముద్ర కింద ఉన్న పొట్టి సంతకం తనది.

"ఇది రాసినాయన చాలా తమాషా మనిషని చెప్పుకుంటారు సార్," అంది ఆ అమ్మాయి.

భార్యను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు సాయంత్రం ఆయన చెప్పాడు. ఆమె మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని, ఏ ఏడాది ఏ నెలలో ఏం రాసి ఉందో వరసగా చెప్పుకుంటూ పోయాడు. కొత్త గుమాస్తాలకు తను చెప్పిన మాట కూడా దాచలేదు. చివరికి, "ఆ గడి ఒక్కటి చదివి ఉంటే..." అన్నాడు.

ఆమె కిటికీ సందులో కూరిన గుడ్డను చూసింది.

"ఆ గడి... మీ ఆఫీసుది," అంది. ఊపిరి తీసుకుంది. "బస్సు లేటని... చెప్పింది నేను."

గొంతులో కోపం లేదు. ప్లాట్‌ఫాం నంబరు తప్పు విన్న ప్రయాణికుడికి మళ్ళీ చెప్పినట్టు చెప్పింది.   రిజిస్టర్ల సంగతి చెప్పడానికి ఆయనకు అరగంట పట్టింది, దీనికి బదులు చెప్పడానికి ఇన్నేళ్ళూ సరిపోలేదు.

ఆ జనవరిలోనే గుట్ట మీదికి మారారు. కేంద్రానికి కిందుగా ఉన్న వరస ఇళ్ళలో రెండు గదులు అద్దెకు దొరికాయి. ఆమె కోరిన అద్దె ఇల్లే అది, రెండు చలికాలాలు ఆలస్యంగా. పైగాలికి ఆమె కొంత కోలుకుంది. రాత్రి పడుకోగలుగుతోంది. తన బట్టలు తను మడత పెట్టుకుంటుంది. కానీ ఊపిరితిత్తుల్లో పాడైన భాగం తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఒక ఊపిరికి మూడు మాటలు, బాగున్న రోజు నాలుగు. ఎదురింటావిడ ఫోను చేస్తే ఆవిడే మాట్లాడుతుంది, ఈమె వింటుంది. వీధి సంగతులన్నీ అయ్యాక, "ఏదైనా ఒక్కమాట అను మైకమ్మా, గొంతు విని పెట్టేస్తాను," అంటుంది ఆవిడ. ఈమె, "ఉన్నాను వదినా," అంటుంది.

సముద్రం ఊరికి తిరిగి వెళదామని ఆయన ఒకసారి అన్నాడు.

"ఇంకో ఊరు... మారే ఓపిక... నాకు లేదండీ," అంది.

తెల్లపెట్టె కింది ఇంటి పెరట్లోనే ఉండిపోయింది. ఆయన రీడింగులు తియ్యడం మానేశాడు. పొద్దున్నే లేచి ఆమెను అడుగుతాడు, ఊపిరి ఎలా ఉందని. ఆమె చెప్పింది చెప్పినట్టు నోటుబుక్కులో రాస్తాడు. 'నిన్నటికంటే నయం.' 'మెట్ల దగ్గర ఆగాను.' 'బాగానే ఉంది, అడక్కండి.' అంకెలేవీ రాయడు.

నాలుగేళ్ళలో ఆయన మాట పట్టుకుని నిజంగా డిసెంబర్లో వచ్చింది ఒక్క జంటే. మొన్న వచ్చారు. భార్యాభర్తలు, రిటైరైనవాళ్ళు. తెల్లవారి ఆరింటికి బ్రోకరు బైకు దీపం వెనకాల కారు నెమ్మదిగా పాక్కుంటూ వచ్చింది. ఆయన తాళం తీసి, కిటికీ తెరిచి, వాళ్ళకు కుర్చీలు వేశాడు. బూడిదరంగు గాలి గదిలోకి వచ్చింది.

"కొంచెం మంచు ఉంది. ఇదేం పెద్ద విషయం కాదు," అన్నాడు భర్త. "లెక్కల ప్రకారం ఈ ఊళ్ళో..."

భార్య ఏదో అనబోయింది. "అది కాదండీ, నాకిక్కడ..."

"నీకు చలి. స్వెటరు తెచ్చుకోమంటే వినవు."

"ఒక్క నిమిషం ఉండండి," అన్నాడు పాదరసం. భర్త తిరిగి చూశాడు. పాదరసం చూపు మాత్రం ఆ భార్య మీదే ఉంది. "మీరేదో అంటున్నారమ్మా. చెప్పండి."

ఆమె మొహమాటపడింది. బ్రోకరు గోడకేసి చూశాడు.  పాదరసం ఆమె చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు.

"నాకిక్కడ గొంతు పట్టేస్తోంది," అంది చివరికి. "నేను ఇక్కడ ఉండలేను."

ఏడు కాకముందే కారు వెళ్ళిపోయింది. బ్రోకరు బైకు స్టార్టు చేస్తూ, "తాళం వెయ్యాల్సింది ఇంటికి కాదు సార్, మీ నోటికి," అన్నాడు. ఇక కబురు పెట్టనని కూడా అన్నాడు. ఆ మాట అంతకుముందు కూడా రెండుసార్లు అన్నాడు.

ఆయన గుట్ట ఎక్కి వచ్చేసరికి ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది. ఆ కిటికీలోంచి రోడ్డు మూడో మలుపు కనిపిస్తుంది.

"వచ్చారా?"

"వచ్చారు. ఆరింటికే వచ్చారు."

"కొంటారా?"

"కొనరు. ఆవిడ ఉండలేనంది."

ఆమె ఆయన ముఖం చూసింది. "ఆవిడ అంటే... ఆయన విన్నాడా?"

"విన్నాడు."

ఆమె నవ్వింది. భుజాలు కదిలాయి, శబ్దం రాలేదు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆయన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, చేతికివ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు, అడుగుతుందేమో చూద్దామని.

అప్పుడు మూడో మలుపు దగ్గర మంచులోంచి రెండు పసుపుపచ్చ దీపాలు పైకి వచ్చాయి. వాటి వెనక, గుట్ట మీదుగా సముద్రం ఊరికి పోయే తొలి బస్సు. దీపాలు ఆర్పడం మరిచిపోయి ఎండలో అలాగే సాగింది. ఆమె దాన్ని చూసి వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది. గోడ గడియారం వైపు ఒకసారి చూసింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి," అంది. పాత గొంతే, లోపలెక్కడో సన్నగా. ఊపిరి తీసుకుంది. "గుట్ట ఊరి... తొలి బస్సు..."

అక్కడ ఆగింది.

మిగతా వాక్యం ఆయనకు తెలుసు. ఇరవై రెండేళ్ళు సముద్రం ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్పగలిగేవారు. ఆయన గ్లాసు పట్టుకుని, నోరు మెదపకుండా నిలబడ్డాడు. బస్సు మలుపు దాటింది.  ఆమె ఊపిరి కూడదీసుకుంటోంది.